లఘిమ: నేల విడిచిన సామునకు లెక్క

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసందర్భమున వెలువడు సంచికకు నన్నుగూడ ఒక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు కోరిరి. నేను పండితుడను గాను. మా పెద్దలు ఈ గ్రామమునకు పట్వారీలు. 1984లో ఆ ఉద్యోగములు రద్దయిన పిమ్మట మా యింట మిగిలినవి రెండే: లెక్కలు వ్రాయు అలవాటు, అటకమీది పాత కావ్యములు. మొదటిదానితో సహకార సంఘమున పొట్ట పోసికొనుచున్నాను. రెండవదానిని గురువు లేకయే, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని, రాత్రిపూట చదువుకొంటిని. తప్పులున్నచో చదువరులు మన్నింతురుగాక.

నేనెన్నుకొన్న విషయము మనిషి గాలిలోనికి లేచుటనుగూర్చి. దీనిని శాస్త్రములందు లఘిమ యందురు. ఇది పిల్లల కథవలె తోచవచ్చును. కాని ఈ విషయమునకును మన గ్రంథాలయమునకును ఒక పాత లెక్క కలదు. దానిని కడపట విన్నవించుకొందును.

శాలిబండలో చూచినది

1982వ సంవత్సరము వేసవి సెలవులలో నాకు పన్నెండేండ్లు. మా మేనమామ హైదరాబాదు పాతబస్తీలో శాలిబండయందు అద్దె యింట నుండెడివాడు. చార్మినారునుండి దక్షిణముగా నడచిన ఆ పేట వచ్చును. 1904లో కట్టిన గడియారపు బురుజు అచటి గుర్తు. ఇంకను ముందునకు పోయిన గుట్టమీద ఫలక్‌నుమా మేడ కనబడును. ఆ పేరునకు ఆకాశదర్పణమని అర్థము.

ఒకనాటి సాయంకాలము ఆ బజారులో ఒక గారడీవాడు డమరుకము వాయించి జనమును పోగుచేసెను. వానివెంట నా యీడు పిల్లవాడొకడు ఉండెను. వానిని నేలమీద వెల్లకిల పరుండబెట్టి దుప్పటి కప్పెను. తల ఒకవైపునను, పాదములు మరియొకవైపునను దుప్పటి వెలుపల కనబడుచుండెను. డమరుకము జోరు హెచ్చినకొలది ఆ శరీరము పరుండినది పరుండినట్లే మెల్లగా పైకి లేచెను. మోకాలియెత్తు, నడుమెత్తు, కడకు ఱొమ్మెత్తునకు వచ్చి నిలిచెను. నా గుండె ఆగినంత పనియయ్యెను. జనులు చిల్లర విసరిరి. శరీరము మరల మెల్లగా నేలకు దిగెను.

ఆట ముగిసిన పిదప మామ నా చేయి పట్టుకొని ప్రక్కసందులోనికి దీసికొనిపోయెను. ఆ పిల్లవాడు గోడకానుకొని కూర్చుండి మెడ రాచుకొనుచుండెను. వాని ప్రక్కన రెండు హాకీ కర్రలు, వాని వంపులకు తొడిగిన రెండు బూట్లు ఉండెను. నాకప్పుడు తెలిసినది. దుప్పటిక్రింద వాడు పరుండలేదు. తల వెనుకకు వాల్చి, మోకాళ్ళు వంచి, ఆ కర్రలను కాళ్ళవలె ముందునకు చాచిపట్టుకొని అంగుళమంగుళముగా లేచి నిలుచుండెను.

మామ నాతో నిట్లనెను: "చూసినవా అల్లుడూ, పోరడు గాలిల లేచిండన్నరు గదా. లేచిందంత వాని మెడమీదనే లేచింది."

ఆయన ఆ పిల్లవాని చేతిలో ఒక రూపాయి పెట్టి, "ఇది ఆటకు గాదు బిడ్డా, మెడనొప్పికి" అనెను. ఆ మాటను నేను నలుబదియేండ్లకు పైగా మరువలేదు. లెక్కలు వ్రాయుట నేర్చిన తరువాత దాని అర్థము ఇంకను స్పష్టమైనది. ఒక పద్దునుండి తీసివేసిన మొత్తము మరియొక పద్దున పడియే తీరును. చిట్టాలో కనబడనిచో ఆవర్జాలో వెదకవలెను. బరువును అంతే. మనిషి తేలినట్లు కనబడినపుడు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ బరువును ఎవరు మోయుచున్నారు?

పేరునందే కథ

సిద్ధులు ఎనిమిదని మనవారు చెప్పుదురు. అణిమ, మహిమ, గరిమ, లఘిమ, ప్రాప్తి, ప్రాకామ్యము, ఈశత్వము, వశిత్వము. వీనిలో గరిమ గురుశబ్దమునుండియు, లఘిమ లఘుశబ్దమునుండియు పుట్టినవి. బరువగుట గరిమ, తేలికయగుట లఘిమ. ఇంగ్లీషువారు గాలిలో తేలుటకు లెవిటేషనని, భూమి ఆకర్షించుటకు గ్రావిటేషనని అందురు. ఆ మాటలు లాటిను భాషలోని లెవిస్, గ్రావిస్ అను పదములనుండి వచ్చినవి. లెవిస్ మన లఘువునకును, గ్రావిస్ మన గురువునకును అక్కచెల్లెండ్రవంటివని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. పాశ్చాత్యుల గ్రావిటేషను మనకు గురుత్వాకర్షణ యగుటలో ఎంత ఔచిత్యమున్నదో చూడుడు. వేలయేండ్ల క్రిందట విడిపోయిన జ్ఞాతులు పాఠశాల పుస్తకములో మరల కలిసికొనిరి.

ఛందస్సులో లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. అన్నియు లఘువులతోనే కందము చెప్పుట మన కవులకు ఒక చమత్కారము. దానిని సర్వలఘు కందమందురు. కాని కందమునకు రెండవ, నాలుగవ పాదముల చివర గురువుండి తీరవలెనను నియమము కలదు. కావున సర్వలఘువని పేరుపడిన పద్యముగూడ కడకు గురువుమీదనే నిలుచుచున్నది. ఈ సంగతి మొదటిసారి గ్రహించిననాడు నాకు శాలిబండ పిల్లవాడు జ్ఞప్తికి వచ్చెను.

పెద్దలు చెప్పినది, చెప్పనిది

యోగసూత్రములలో విభూతిపాదమున, శరీరమునకును ఆకాశమునకును గల సంబంధముమీద సంయమము చేసి, దూదివంటి తేలికదనమును భావించినవానికి ఆకాశగమనము కలుగునని పతంజలి చెప్పెను. దీనిని చూపి నేటికిని కొందరు తమ మహిమలకు శాస్త్రప్రమాణము కలదందురు. కాని అదే పాదమున ఇటువంటి శక్తులు సమాధికి అడ్డంకులనిగూడ ఆయనయే చెప్పియున్నాడు. మొదటి సూత్రము చదివినవారు రెండవదానిని విడువరాదు. జమ చదివి ఖర్చు చదువనివాడు లెక్క చూచినట్లు కాదు గదా.

బౌద్ధుల వినయపిటకమున ఇంతకంటె గట్టి మాట కలదు. రాజగృహమున ఒక శ్రేష్ఠి మంచి గంధపు చెక్కతో భిక్షాపాత్ర చేయించి, ఎత్తైన వెదుళ్ళకొనకు కట్టించి, మహిమగలవారు తీసికొనవచ్చునని చాటించెను. పిండోల భారద్వాజుడను భిక్షువు గాలిలోనికి లేచి దానిని గ్రహించెనట. జనులు జయజయధ్వానములు చేసిరి. బుద్ధుడు మాత్రము మెచ్చుకొనలేదు. ఒక కొయ్యగిన్నెకై శక్తిని ప్రదర్శించితివా యని మందలించి, గృహస్థుల యెదుట మహిమలు చూపరాదని నియమము చేసి, ఆ పాత్రను పగులగొట్టించెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. లేచుట నిజమా కాదా యను తర్కములోనికి ఆ కథ పోలేదు. లేచి ఏమి సంపాదించితివని మాత్రమే అడిగినది.

మన తెలుగులో అల్లసాని పెద్దన మనుచరిత్రము తెలియనివారు అరుదు. అరుణాస్పదపురమందలి ప్రవరుడు ఒక సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని క్షణములో హిమాలయమునకు చేరెను. అచట మంచు తగిలి లేపము కరగిపోయెను. ఇంటికి మరలు దారి లేదు. ఇంట వృద్ధులైన తల్లిదండ్రులు, అగ్నిహోత్రము, అతిథులు. వరూధిని వలపును నిరాకరించి, తాను నిత్యము కొలిచిన అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరెను. పోవుటకు లేపము చాలినది. మరలుటకు జీవితమంతయు చేసిన అనుష్ఠానము కావలసివచ్చినది. ఇంతకంటె చక్కని లెక్క ఏ గణకుడు వ్రాయగలడు?

ఇచట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మన పూర్వులు విమానములు కట్టిరనుటకు వైమానిక శాస్త్రమను గ్రంథమును కొందరు చూపుదురు. అది పండిత సుబ్బరాయశాస్త్రిగారు 1918 మొదలు 1923 వరకు చెప్పగా వ్రాసికొన్నది. బెంగుళూరిలోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు 1974లో దానిని పరిశీలించి, అందలి భాష ప్రాచీనము గాదనియు, అందు వర్ణించిన యంత్రములు ఎగురజాలవనియు తేల్చిరి. కావ్యములోని పాదలేపమును కావ్యముగా చదివిన ఆనందము కలుగును. దానినే యంత్రశాస్త్రమనిన పెద్దనకును అన్యాయము, యంత్రశాస్త్రమునకును అన్యాయము.

గాలిలో కూర్చున్నవారు

ఇంద్రజాలికుల చరిత్రలో మన చెన్నపట్టణమునకు ఒక స్థానము కలదు. 1832లో లండనునుండి వెలువడు సాటర్డే మేగజీను అను పత్రిక మద్రాసులో గాలిలో కూర్చుండిన ఒక వృద్ధ బ్రాహ్మణుని బొమ్మను ప్రకటించెను. ఇంగ్లీషువారు ఆయన పేరు శేషల్ అని వ్రాసిరి. ఒక చిన్న పీటమీద ఇత్తడికట్ల వెదురు నిలువుగా నుండును. దానికి జింకతోలు చుట్టిన మరియొక కర్ర అడ్డముగా నుండును. ఆయన ముంజేయి దానిపై ఆన్చి, జపమాల త్రిప్పుచు, కాళ్ళు మడిచి నేలకు ఎత్తుగా కూర్చుండెడివాడు. కూర్చుండుటకు ముందును, దిగుటకు ముందును దుప్పటి అడ్డము పెట్టెడివారు. రహస్యము చెప్పకయే ఆయన మరణించెను. అయినను ఆ కిటుకు తరువాతివారికి తెలిసినది. వెదురులోపలినుండి ఇనుప కడ్డీ తోలుకర్రలోనికి, అచటినుండి చొక్కాచేతిలోనికి, అచటినుండి నడుముక్రింది ఆసనమునకు పోవును. బరువంతయు ఆ కడ్డీది. దుప్పటి ఆ కడ్డీని దాచుటకే.

ఈ విద్య ఐరోపాకును పాకినది. 1846లో ఈథరను మత్తుమందు శస్త్రచికిత్సకు వాడుకలోనికి రాగా, మరుసటి సంవత్సరమే పారిసులో రొబేర్ ఉదేన్ అను ఇంద్రజాలికుడు తన కుమారునికి ఈథరు వాసన చూపినట్లు నటించి, వానిని ఒక కర్రమీద మోచేయి ఆనించి గాలిలో పరుండబెట్టెను. చూచువారు ఈథరు మహిమయనుకొనిరి. మన దేశమున యోగమహిమ, అచట ఈథరు మహిమ. ఏ కాలమున జనులు దేనిని నమ్ముదురో దానిపేరే ఇనుప కడ్డీకి ముసుగగును.

ఇంద్రజాలికులను నేను నిందించుట లేదు. అది కష్టపడి నేర్వవలసిన కళ. మన హైదరాబాదున 2025 వరకు జీవించిన బి. వి. పట్టాభిరామ్‌గారివంటివారు ప్రదర్శనలిచ్చుచునే, అది కౌశలము గాని మహిమ గాదని జనులకు చెప్పుచుండిరి. టిక్కెట్టు కొని మోసపోవుట వినోదము. మ్రొక్కి మోసపోవుట వేరు.

శిల్పుల లఘిమ

బరువును నిజముగా జయించినవారిని చూడవలెనన్న మన దేవాలయములకు పోవలెను. లేపాక్షిలోని వీరభద్రాలయము 16వ శతాబ్దిలో విజయనగర రాజుల కాలమున విరూపణ్ణ, వీరణ్ణయను సోదరులు కట్టించినది. అచటి మండపమున వ్రేలాడు స్తంభమొకటి కలదు. దానిక్రింద వస్త్రమును ఒకవైపునుండి మరియొకవైపునకు లాగి యాత్రికులు ఆశ్చర్యపడుదురు. ఆ స్తంభము నేలకు దాదాపుగా ఆనకున్నను మండపము పడలేదు. ఏలనన పైకప్పు బరువును చుట్టునున్న తక్కిన స్తంభములు పంచుకొని మోయుచున్నవి. జనులందరును తేలు స్తంభముయొద్ద గుమిగూడుదురు. మోయుచున్న స్తంభములవైపు చూచువారు తక్కువ.

అచట మరియొక ఐతిహ్యము చెప్పుదురు. విరూపణ్ణ రాజుగారి కోశాధికారి. ఖజానా సొమ్ము అనుమతి లేక ఆలయమునకు ఖర్చుచేసెనని నింద రాగా తన కన్నులు తానే పెరికి గోడకు కొట్టెనట. కథయే కావచ్చును. కాని లెక్కలు వ్రాయువాడెవడును దానిని వణకక వినలేడు.

ఇక ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయము. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించెను. 2021 జూలైలో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. ఆలయగోపురమునకు వాడిన ఇటుకలు నీటిలో వేసిన తేలును. ఇటుకలలో సన్నని రంధ్రములు విస్తారముగా నుండుటచే వాని బరువు సమపరిమాణముగల నీటి బరువుకంటె తక్కువ. అందుచే అవి తేలును. అడుగున ఇసుక పునాదిపై రాతి ఆలయము నిలువవలెను. పైన గోపురము బరువైనచో క్రిందివానికి కష్టము. కాబట్టి ఆ శిల్పులు పైవానిని తేలికచేసిరి. ఇదియే నాకు తెలిసిన నిజమైన లఘిమ. క్రింద మోయువారిని తలచుకొని పైవాడు తన బరువు తగ్గించుకొనుట.

అయస్కాంతము చేసినది

ఇనుమును అయస్కాంతముతో గాలిలో నిలుపవచ్చునను ఆశ చాల పాతది. అలెగ్జాండ్రియాలో ఒక రాణికి గుడి కట్టుచు, పైకప్పున అయస్కాంతశిలలు పెట్టి ఇనుప విగ్రహమును నిలుప సంకల్పించిరనియు, పని ముగియకముందే శిల్పియు రాజును చనిపోయిరనియు రోము దేశపు ప్లినీ వ్రాసెను. మన సోమనాథమునందును విగ్రహము ఆధారము లేక గాలిలో నుండెనని 13వ శతాబ్దివాడైన కజ్వీనీ వ్రాసెను. గజనీ మహమ్మదు సోమనాథమును కొల్లగొట్టినది 1026లో. ఆ కాలమున జీవించిన అల్ బెరూనీ అచటి లింగమునుగూర్చి వ్రాసెను గాని అది గాలిలో వ్రేలాడినదని చెప్పలేదు. రెండువందల యేండ్లకు పైగా గడచిన తరువాత కథ తేలికయై పైకి లేచినది.

మామూలు అయస్కాంతములతో ఈ పని సాధ్యము గాదని 1842లో ఎర్న్‌షా అను ఇంగ్లీషు పండితుడు గణితముతో నిరూపించెను. కదలని అయస్కాంతముల నడుమ ఇనుపముక్క స్థిరముగా తేలజాలదు. ఒకవైపునకు జారి అతుకుకొనును, లేదా క్రింద పడును. అయినను ప్రకృతి మరియొక ద్వారము తెరచియుంచినది. కొన్ని వస్తువులు అయస్కాంతమునుండి స్వల్పముగా తొలగిపోవు గుణము గలవి. నీరు అట్టిది. మిక్కిలి చల్లబరచిన కొన్ని లోహములు అయస్కాంతశక్తిని తమలోనికి రానీయక వెలికి నెట్టునని 1933లో జర్మనీలో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ అనువారు కనుగొనిరి. 1997లో హాలెండు దేశమున ఆంద్రే గీమ్ అను శాస్త్రజ్ఞుడు బలమైన అయస్కాంతపు గొట్టములో ఒక బ్రదికియున్న కప్పను తేలించెను. కప్పలో నీరెక్కువ గదా. ఆ పనికి ఆయనకు 2000లో నవ్వులాటకిచ్చు ఇగ్‌నోబెల్ బహుమానము వచ్చినది. వేరొక పరిశోధనకు 2010లో అసలైన నోబెల్ బహుమానమును వచ్చినది. నవ్వించుటకు సిగ్గుపడని పండితుడు.

ఈ విద్యతోనే రైళ్ళుగూడ నడచుచున్నవి. చైనాలోని షాంఘైలో 2004నుండి నడచు అయస్కాంతపు రైలు పట్టాలు తాకక 30 కిలోమీటర్లు పోవును. అది గంటకు 431 కిలోమీటర్ల వేగము అందుకొన్నది. జపానులో 2015లో జరిగిన పరీక్షయందు అట్టి రైలు 603 కిలోమీటర్ల వేగమును చేరినది.

ఇచట చదువరులు గమనింపవలసినదేమనగా, కప్ప తేలినపుడు దాని బరువు మాయము కాలేదు. అయస్కాంతము కప్పను ఎంత బలముతో పైకి నెట్టెనో, కప్ప అయస్కాంతమును అంతే బలముతో క్రిందికి నెట్టును. అయస్కాంతము బల్లను, బల్ల నేలను. త్రాసుమీద ఆ యంత్రమును నిలిపినచో కప్ప బరువు అందు కనబడియే తీరును. రైలు బరువును దారి మోయుచున్నది. బెలూను బరువును గాలి మోయుచున్నది. హైదరాబాదులో టాటా సంస్థవారు 1969లో నెలకొల్పిన బెలూను కేంద్రమునుండి పెద్దపెద్ద బెలూనులు పరిశోధన పరికరములను 30 కిలోమీటర్లకు పైయెత్తునకు తీసికొనిపోవుచుండును. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా పొలములలో వింత పేటికయొకటి దిగగా, ఏ లోకమునుండి వచ్చినదోయని జనులు విరగబడి చూచిరి. అది ఆ కేంద్రమునుండి ఎగిరినదని తరువాత తెలిసినది. దానికిని లెక్క ఉన్నది.

ఆధారము లేనిది ఏది?

అట్లయినచో ఏ ఆధారమును లేక తేలునది లోకమున లేదా? ఉన్నది. మనము నిలిచియున్న ఈ భూమియే. భూమిని మోయుటకు ఒక ఆధారము కావలెనన్న, ఆ ఆధారమునకు మరియొకటి, దానికి ఇంకొకటి, ఇట్లు అంతులేక పోవును. కడకు ఏదియో ఒకటి తన శక్తిచే నిలుచునని ఒప్పుకొనవలెనన్న, ఆ శక్తి భూమికే కలదని యేల యనరాదు? 12వ శతాబ్దిలో సిద్ధాంతశిరోమణియందు భాస్కరాచార్యుడు ఇట్లు వాదించెను. బరువైన వస్తువులను భూమి తనవైపునకు ఆకర్షించుననిగూడ ఆయన వ్రాసెను. నేటి శాస్త్రము ప్రకారము భూమి సూర్యునిచుట్టు నిరంతరము పడుచునే యున్నది. అయినను పక్కకు పోవు వేగముచే సూర్యునిలో పడకున్నది.

ఆకాశమున తిరుగు వ్యోమగాములు తేలుటయు ఇట్టిదే. నాలుగువందల కిలోమీటర్లయెత్తున భూమ్యాకర్షణ పదింట తొమ్మిదివంతులుండును. నౌకయు అందలి మనిషియు కలిసి పడుచున్నందున ఒకరినొకరు మోయవలసిన పని లేదు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన రాకేశ్ శర్మగారు 1984 ఏప్రిలులో రష్యావారి నౌకపై వెళ్ళి, అచట యోగాసనములు వేసి చూపిరి. పతంజలి పేరు చెప్పుకొను వేలమంది నేలమీద తేలినట్లు నటించిన దేశమునుండి, నిజముగా తేలుచు యోగము చేసిన మొదటివాడాయన. 2021 జూలైలో ఆంధ్రదేశమున పుట్టిన బండ్ల శిరీషయు అమెరికానుండి ఎగిరి కొన్ని నిమిషములు ఆ తేలికదనమును అనుభవించినది.

కావున లెక్క ఇట్లు తేలుచున్నది. తేలుచున్న వస్తువును ఎవరైనను మోయుచుండవలెను. ఎవరును మోయనిచో అది పడుచుండవలెను. మూడవ పద్దు లేదు.

మన నాలుకమీద

ఈ సత్యము మన పల్లెవారికి ఎప్పుడో తెలియును. సంతోషమున కాళ్ళు నేలనానలేదందురు. అప్పు తీరిన రోజున గుండె తేలికపడినదందురు. ఆధారము లేని ఆలోచనలు గాలిమేడలు. అటు స్వర్గమునకును ఇటు నేలకును కానివాడు త్రిశంకుడు. ఉట్టికెగురలేనమ్మ స్వర్గమునకెగిరినట్లని సామెత. వీనియన్నిటిలో నాకు మెచ్చు మాట నేల విడిచి సాము. గరిడీలో సాము నేర్పు వస్తాదులు మొట్టమొదట నేర్పునది పాదము నిలుపుట. నేలమీద పాదము నిలువనివాని దెబ్బకు బలముండదు. తేలుటను మన భాష నిందింపలేదు. లెక్క తెలియక తేలుటనే నిందించినది. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రమున మేడ గాలిలో ఎగిరిపోగా మన తాతలు నోళ్ళు తెరచి చూచిరి. ఇంటికి పోయి ఎవరును మేడకు పునాది తీయుట మానలేదు.

మా లెక్క

ఇక నేను మొదట చెప్పిన పాత లెక్క. మన గ్రంథాలయము తెరచుటకు ముందటి యేడు ఇంటింట ధాన్యము వసూలుచేసి అమ్మగా వచ్చిన సొమ్ము నాయొద్ద నుండెను. ఆ రోజులలో పొరుగూరికి ఒక స్వామి వచ్చెను. యోగదండముమీద ఒక చేయి ఆన్చి గాలిలో కూర్చుండునని ప్రతీతి. మన పెద్దలతో నేనును పోయితిని. ముందొక తెర పట్టిరి. తెర తీయగా ఆయన నేలకు జానెడెత్తున కూర్చుండియుండెను. చొక్కాచేయి మణికట్టువరకు ఉండెను. నేను శేషల్ కథ అప్పటికి చదువలేదు. కాని శాలిబండ దుప్పటిని చూచినవాడను. నాకు తెలిసినది.

గ్రంథాలయపు సొమ్ములో సగము ఆయన పాదపూజకు ఇచ్చినచో కార్యము నిర్విఘ్నముగా సాగునని పెద్దలొకరు ప్రతిపాదించిరి. అందరును తలలూపిరి. నేనొక్క మాట అడిగినచో చాలును. తెర ఎందుకని. అడుగలేదు. పెద్దల యెదుట నోరు విప్పుట ఎట్లని వెనుదీసితిని. 2,400 రూపాయలు ఇచ్చి, ధర్మపు ఖర్చని నా చేతితోనే పద్దు వ్రాసితిని. ఆ కొరత తీర్చుటకు కొనదలచిన పుస్తకముల జాబితాలో పిల్లల విజ్ఞాన గ్రంథములను నా చేతితోనే కొట్టివేసితిని.

గ్రంథాలయము తెరచిన యేడు ఏడవ తరగతి చదువు బాలికయొకతె మూడుసార్లు వచ్చి నక్షత్రముల పుస్తకమున్నదా యని అడిగినది. వచ్చే యేడు వచ్చునమ్మా యంటిని. వచ్చే యేడు పుస్తకములు వచ్చినవి. అప్పటికి ఆమె చదువు మానిపించిరి. పుస్తకము లేనందుననే మానిపించిరని నేననను. ఇంటివారి ఇబ్బందులు వారివి. కాని అడిగిననాడు ఇచ్చియున్నచో, మూడు సాయంకాలములైనను ఆమె చదువుకొనియుండెడిది. స్వామి తేలినపుడు ఆ బరువును మోసినది ఎవరని నేటికి నన్నెవరైన అడిగిన, ఆ పిల్లయని చెప్పుదును. దుప్పటిక్రింది పిల్లవానివలె ఆమెయు ఎవరికిని కనబడలేదు.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించిన పెద్దలు, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్రములను తెలుగులో అచ్చువేయించినవారు ఏ మహిమను ఆశించి ఆ పని చేయలేదు. చదివినవాడు తెర ఎందుకని అడుగగలడనియే చేసిరి. నేను చదివియు అడుగలేదు. అది చదువు లోపము గాదు, నా లోపము.

ఈ రజతోత్సవ సందర్భమున ఆ 2,400 రూపాయలను నా సొంత సొమ్మునుండి గ్రంథాలయపు ఖాతాకు జమకట్టితిని. వడ్డీక్రింద ఈ వ్యాసమును సమర్పించుచున్నాను. ఆ సొమ్ముతో పిల్లలకు ఆకాశమునుగూర్చిన పుస్తకములు కొనవలసినదిగా కార్యవర్గమును ప్రార్థించుచున్నాను. వానిని చదివిన పిల్లలలో ఒక్కరైనను రేపు ఏదో సభలో లేచి, పెద్దలున్నారని జంకక, ఈ బరువు ఎవరు మోయుచున్నారని అడిగినచో నా లెక్క సరిపోవును.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక.